పక్కింటి అక్షరం

లిస్టు అంటే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది కిరాణా సరుకుల లిస్టే. కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్ళు కిలో, చింతపండు అరకిలో, ఇంగువ డబ్బా ఒకటి. ఇందులో కందిపప్పు తర్వాత ఏముందో, ఇంగువకి ముందు ఏముందో ఎవరికీ పట్టదు. కొట్టతను కింద నుంచి పైకి కట్టినా మనకేం నష్టం లేదు. సరుకులన్నీ సంచిలో పడితే చాలు.

అన్ని లిస్టులూ అలాంటివి కావు. పెళ్ళిళ్ళలో బంతి భోజనాలకి జనాన్ని కూర్చోబెట్టేటప్పుడు మా అత్తయ్యగారిని చూడాలి. ఎవరి పక్కన ఎవరిని వెయ్యాలో ఆవిడ దగ్గర పెద్ద లెక్క ఉండేది. పొలం గట్టు దగ్గర మాటలు పోయిన అన్నదమ్ములిద్దరూ పక్కపక్క విస్తళ్ళలో పడకూడదు. చెవి సరిగ్గా వినపడని పిన్నిగారి పక్కన మాటకారి ఎవరైనా ఉండాలి. బంతిలో ఎంతమంది ఉన్నారన్నది వంటవాడి గొడవ. ఎవరి పక్కన ఎవరున్నారన్నది ఆవిడ గొడవ.

కంప్యూటర్ ప్రోగ్రాముల్లో లిస్టు అనేది ఈ రెండో రకంది. వరుస తప్పకుండా కూర్చుంటుంది, ప్రతి చోటుకీ ఒక నంబరుంటుంది. ఈ సంగతి నాకు ఈ సంక్రాంతి సెలవుల్లోనే తెలిసింది. బి.ఏ. తెలుగు చదివి ఇరవయ్యేళ్ళుగా వంటింటిని ఏలుతున్న నేను దీని గురించి రాయడమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. మన అక్షరాల సంగతి కూడా ఇందులో ఉంది.

మా చిన్ని బీటెక్ మొదటి సంవత్సరం, కంప్యూటర్ సైన్సు. పండక్కి హాస్టల్ నుంచి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ అది నా పిల్లలా లేదు. అరిసెలు ముట్టలేదు. నానమ్మ "గొబ్బెమ్మలు పెడదాం రావే" అని పిలిస్తే తలనొప్పి అంది. మూడో రోజు రాత్రి రెండింటికి మంచినీళ్ళ కోసం లేస్తే దాని గదిలో లైటు వెలుగుతోంది. తలుపు తోసి చూస్తే లాప్‌టాప్ ముందు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఏడ్చిన మొహం.

"మానేస్తానమ్మా. నాకు రాదు ఇది" అంది.

మొదటి మిడ్‌లో పైథాన్‌కి ముప్ఫైకి తొమ్మిది వచ్చాయట. నాన్నకి చెప్పలేదు. క్లాసులో సగం మంది ఇంటర్లోనే ఎక్కడో నేర్చుకుని వచ్చారట, లెక్చరర్ వాళ్ళని చూసే పాఠం చెప్పుకుపోతాడట, సందేహం అడిగితే "ఇది కూడా తెలీదా" అన్నాడట. అప్పటి నుంచి అడగడం మానేసింది.

హాస్టళ్ళలో పిల్లల గురించి పేపర్లో వచ్చే వార్తలు చదివే ప్రతి అమ్మకీ తెలుసు, ఆ "మానేస్తా" అన్న మాట వింటే కడుపులో ఎక్కడ పట్టుకుంటుందో. చదువు మానేస్తానంటోందా, ఇంకేమైనా అంటోందా అని దాని కళ్ళల్లోకి చూశాను. ఫీజు మాట ఎత్తలేదు. "నీకొస్తుందిలే" అని కూడా అనలేదు. ఆ మాట వినీ వినీ పిల్లలకి విసుగు. మంచం మీద దాని పక్కన కూర్చుని, "ఏది రాలేదో నాకు చెప్పు" అన్నాను.

"నీకేం అర్థమవుతుందమ్మా?"

"అర్థం కాకపోతే కాదు. నిద్ర ఎలాగూ పోయింది, చెప్పు."

ఇదీ ఆ లెక్క. ఒక లిస్టు ఇస్తారు. అందులో తనకి రెండు పక్కలా ఉన్న వాటికన్నా పెద్దవిగా ఉన్న అంకెలు ఏవో పట్టుకోవాలి. అంతే. నాకు అర్థం కావడానికి అది చామంతి పూల ధరలు తీసుకుంది. పండగ ముందు అయిదు రోజులు కిలో ధర 90, 60, 80, 50, 70. ఇందులో ముందు రోజు కన్నా, మర్నాటి కన్నా ఎక్కువ పలికిన రోజు ఏది? చూపు వేస్తే తెలిసిపోతుంది, మూడో రోజు 80. 90 పెద్దదే కానీ దానికి ముందు రోజంటూ లేదు. 70కి తర్వాతి రోజు లేదు.

మనకి చూపుంది. కంప్యూటర్‌కి చూపు లేదు, నంబర్లే. మొదటి దాని నంబరు సున్నా. "ఒకటి కాదా?" అంటే, "మన అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ తర్వాత కదా ఒకటి వస్తుంది, అలా అనుకో" అంది. బావుంది. నంబరంటే మొదటి నుంచి ఎంత దూరం జరిగామో అన్నమాట. మొదటి వాడు ఎంతా జరగలేదు కాబట్టి సున్నా. అలా 90కి సున్నా, 60కి ఒకటి, 80కి రెండు, 50కి మూడు, 70కి నాలుగు. ఏ నంబరు దగ్గర నిలబడినా, ఒకటి తీసేస్తే ఎడమ పక్కవాడు, ఒకటి కలిపితే కుడి పక్కవాడు. ఇంత సులువైన దానికి తొమ్మిది మార్కులేమిటి అనుకున్నాను.

గొడవంతా చివర్ల దగ్గర. ప్రోగ్రాం నడుస్తూ 70 దగ్గరికొచ్చి, నంబరు నాలుగుకి ఒకటి కలిపి, అయిదో చోట ఎవరున్నారని అడిగింది. అయిదో చోటు లేదు. ఎర్ర అక్షరాలతో "ఇండెక్స్ ఎర్రర్" అని కేకేసి ఆగిపోయింది. పరీక్షకి ముందు లాబ్‌లో ఈ కేక చిన్ని కూడా విందట. అందుకని చివరి దాని దాకా వెళ్ళకుండా ఒకటి ముందే ఆపేసింది. కేక ఆగింది. హమ్మయ్య అనుకుని పరీక్షలోనూ అలాగే రాసేసింది. జవాబుగా వచ్చింది 80 ఒక్కటి కాదు, 90, 80. పేపరు మీద అడ్డంగా ఎర్ర గీత. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు, అది అడగలేదు.

"90కి ఎడమ పక్క ఎవరున్నారు?" అన్నాను.

"ఎవరూ లేరు."

"మరి ఎవరితో పోల్చి పెద్దదంటోంది?"

చిన్ని ఒక్క నిమిషం నా వంక చూసి, టకటకా ఏదో కొట్టింది. ఎడమ పక్కన ఎవరున్నారో అచ్చు వెయ్యమని అడిగిందన్నమాట. తెర మీద 70 అని వచ్చింది. చిట్టచివరి 70! సున్నాలోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి. పైథాన్‌లో మైనస్ ఒకటి అంటే తప్పు కాదట, "చివరి నుంచి మొదటిది" అని అర్థమట. అది ఎంతో మర్యాదగా వెళ్ళి చివరి వాణ్ణి పట్టుకొచ్చి, మొదటి వాడి పక్కన కూర్చోబెట్టింది. కుడి చివర మాత్రం ఈ మర్యాద లేదు. దాటితే కేకే.

అరిచే తప్పుతో పెద్ద బాధ లేదు. పాలు పొంగితే స్టవ్ చుయ్యిమంటుంది, పరిగెడతాం. పెరుగు తోడుకోకపోతే ఏ చప్పుడూ ఉండదు. పొద్దున్న గిన్నె వంచితే గానీ తెలీదు. చిన్ని తొమ్మిది మార్కులూ తోడుకోని పెరుగే.

"ఇది ఎవరికీ కనపడదమ్మా" అంది కాస్త కోపంగా. ఏడుపు పోయి కోపం వచ్చిందంటే నాకు సగం ప్రాణం లేచొచ్చినట్టే.

మర్నాడు పొద్దున్నే ముగ్గు వేసి వచ్చేసరికి అదే లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. స్నేహితురాలు రాసిన ఇంకో పద్ధతి చూపించింది. ఆ అమ్మాయి నంబర్లతో పని లేకుండా అంకెని చూపించి "ఇది ఎక్కడుంది?" అని లిస్టునే అడుగుతోంది. లిస్టు నంబరు చెబుతుంది, దానికి ఒకటి కలిపి పక్కవాణ్ణి పట్టుకుంటోంది. ధరలన్నీ వేరువేరుగా ఉంటే బాగానే నడిచింది. 60 రెండుసార్లు వస్తే మాత్రం రెండో 60కి కూడా మొదటి 60 పక్కవాళ్ళనే చూపిస్తోంది.

ఇది నాకు చెప్పక్కర్లేదు. మా వీధిలో ఇద్దరు సత్యవతిగార్లున్నారు. ఒకావిడ వీధి మొదట్లో, ఒకావిడ చివర్లో. కొరియర్ కుర్రాడు "సత్యవతిగారి ఇల్లెక్కడండీ" అని అడిగితే ఎవరైనా మొదటి ఇల్లే చూపిస్తారు. రెండో ఆవిడకి కూతురు పంపిన చీర ఎన్నిసార్లు మొదటి ఆవిడ ఇంట్లో దిగిందో లెక్క లేదు. పేరుతో అడిగితే అంతే, మొదట కనపడిన వాళ్ళే దొరుకుతారు. డోర్ నంబరుతో వెళ్ళాలి. పైథాన్‌లో దీనికి "ఎనుమరేట్" అని ఒకటుందట, మనిషినీ డోర్ నంబరునీ కలిపే చేతికిస్తుంది. "మీ ఫ్రెండుకి సత్యవతిగారి సంగతి చెప్పు" అన్నాను. అప్పుడే ఫోన్లో చెప్పింది కూడా. ఆ పిల్లకీ ఎవరూ చెప్పలేదట.

ఇక్కడిదాకా నేను వినేదాన్నే. ఆ మధ్యాహ్నం పప్పు రుబ్బుతూ ఉండగా ఒక సంగతి తట్టింది. పక్కవాణ్ణి చూస్తే గానీ నువ్వెవరో చెప్పలేని పరిస్థితి నేను డిగ్రీ మూడేళ్ళూ చదివిన చోటే ఉంది కదా. అదే ఛందస్సు!

మీలో చాలామంది బడిలో గురులఘువులు గుర్తించే ఉంటారు. లఘువుకి నిలువు గీత, గురువుకి చిన్న గిన్నె లాంటి గుర్తు. దీర్ఘం ఉంటే గురువు. సున్న ఉంటే గురువు. ఇవి అక్షరాన్ని చూడగానే తెలిసిపోతాయి. కానీ "పద్మ" అన్న మాట తీసుకోండి. ప దానంతట అది లఘువు. కానీ దాని పక్కింట్లో ద్మ అనే సంయుక్తాక్షరం ఉంది కాబట్టి ప గురువైపోయింది. అదే ప "పడవ"లో లఘువు. ప మారలేదు, పక్కిల్లు మారింది. అంటే ప్రతి అక్షరం దగ్గరా ఆగి కుడి పక్కవాణ్ణి చూసి రావాలి. చివరి అక్షరానికి కుడి పక్క ఎవరూ ఉండరు. అచ్చం 70కి వచ్చిన చిక్కే.

"చామంతులు వద్దు, నాకు గురులఘువులు గుర్తించే ప్రోగ్రాం రాసిపెట్టు" అన్నాను. సరదాగా అన్నాననుకుంది. నేను సరదాగా అనలేదు. దానికి తెలియని పాఠం కాదు, టెన్త్‌లో చదివిందే. అందులో నన్ను "ఇది కూడా తెలీదా" అనడానికి ఎవరికీ వీల్లేదు. పిల్లకి ఒక చోటైనా నేల గట్టిగా ఉండాలి కదా.

మొదటి దెబ్బ నాకే తగిలింది. "అమ్మ" అని తెలుగులో కొట్టి, ఎన్ని అక్షరాలని పైథాన్‌ని అడిగితే నాలుగంది! రెండక్షరాల అమ్మ నాలుగెలా అయింది? చిన్ని విడదీసి చూపించింది. అ, మ, పొల్లు, మళ్ళీ మ. మనం ఒత్తు అనుకునేది కంప్యూటర్ లోపల పొల్లూ హల్లూ విడివిడిగా ఉంటుందట. "స్త్రీ" కొట్టి చూశాం. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒక్క అక్షరానికి ఆరు ముక్కలు. స్త్రీ అంటే అంతే మరి, పైకి ఒక్కతే. మావారు అటు వెళ్తూ విని నవ్వారు.

కాబట్టి ముందు ముక్కలని ఇళ్ళల్లో సర్దాలి. గుణింతం గుర్తొస్తే ముందున్న హల్లు ఇంట్లోకి పంపాలి. పొల్లు వచ్చి దాని తర్వాత హల్లుంటే, ఆ హల్లుని కూడా అదే ఇంట్లోకి తీసుకోవాలి. ఇదీ పక్కవాళ్ళని చూసే పనే. రెండు రోజులు పట్టింది దానికి. మధ్యలో గొబ్బెమ్మలకి పువ్వులు కూడా గుచ్చింది, నానమ్మ ముచ్చట పడిపోయింది. ఇళ్ళు కుదిరాక గురులఘువులు గంటలో వచ్చాయి. "పత్రిక" అంటే గురువు, లఘువు, లఘువు అని టకీమని చెప్పింది.

అప్పుడు నేను "దేవప్రసాదం" ఇచ్చాను. వ గురువంది. రైటే, పక్కన ప్ర ఉంది. తర్వాత "ఆమె ప్రసాదం" ఇచ్చాను. మె కూడా గురువంది.

"తప్పు" అన్నాను.

"ఎందుకు తప్పమ్మా? పక్కన ప్ర ఉందిగా?"

"ఉంది. కానీ మధ్యలో గోడుంది."

దేవప్రసాదం ఒకే సమాసం, రెండు మాటలూ ఒక కప్పు కిందే ఉన్నాయి. ప్ర బరువు వ మీద పడుతుంది. "ఆమె" వేరే మాట, తెలుగు మాట. దాని తర్వాత ప్ర వచ్చినా మె లఘువుగానే ఉంటుంది. ఆనుకుని ఉన్న ప్రతివాళ్ళూ పొరుగువాళ్ళు కారు. మా ఫ్లాటుకి ఆనుకుని వెనక అపార్ట్‌మెంట్ వాళ్ళ పడగ్గది ఉంది, మధ్య దూరం తొమ్మిదంగుళాల గోడ. వాళ్ళ పేరు కూడా నాకు తెలీదు. మెట్ల మీద ఎదురుపడే మూడో అంతస్తు వాళ్ళతో మాత్రం కూరల మార్పిళ్ళు నడుస్తాయి.

చిన్ని మాటల మధ్య ఖాళీలు తీసేసి అక్షరాలన్నీ ఒకే బారుగా పేర్చింది. అందుకే దానికి గోడలు కనపడలేదు. "ఖాళీని పారెయ్యకు, దాన్ని కూడా లిస్టులో ఒక చోట కూర్చోబెట్టు" అన్నాను. మె పక్కన ఇప్పుడు ఖాళీ ఉంది, ప్ర కాదు. కాబట్టి లఘువు. అది కాసేపు ఆలోచించి, "అలాగైతే మొదటా చివరా కూడా ఒక్కో ఖాళీ పెట్టేస్తే?" అంది. ఇది నేను చెప్పింది కాదు, దానికే తట్టింది. రెండు చివర్లా ఒక్కో ఉత్త చోటు పెడితే అసలు అక్షరాల్లో ప్రతిదానికీ ఎడమా కుడీ ఎవరో ఒకరు ఉంటారు. కేకా లేదు, మైనస్ ఒకటీ లేదు. పూలమాల కట్టేటప్పుడు రెండు చివర్లా జానెడు దారం వదులుతామే, అలా. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇలా పెట్టే దాన్ని సెంటినెల్ అంటారట, అంటే కాపలావాడు. చామంతి ధరలకి మాత్రం ఆ చోట్లో ఏం పెట్టాలన్నది ఆలోచించాలి. సున్నా పెడితే 90, 70 కూడా గెలిచేస్తాయి. చాలా పెద్ద అంకె పెడితే రెండూ ఓడిపోతాయి. చివర్లో ఉన్నవాళ్ళని పోటీలోకి రానివ్వాలా వద్దా అన్నది లెక్క ఇచ్చినవాళ్ళు చెప్పాలి, లేదా మనం అడగాలి. చిన్ని పరీక్షలో అడగాల్సిన ప్రశ్న అదే.

కనుమ నాడు మధ్యాహ్నం మినప గారెలయ్యాక ఇద్దరం డాబా మీద కూర్చున్నాం. నంబర్లతో పని లేకుండా పక్కపక్క జతలు పట్టే పద్ధతి ఒకటి చూపించింది. ఒకే లిస్టుని రెండుసార్లు కిందా పైనా రాయాలి, కింది దాన్ని ఒక గడి ఎడమకి జరపాలి. ఇప్పుడు 90 కింద 60 వచ్చింది, 60 కింద 80, 80 కింద 50, 50 కింద 70. నిలువుగా చూస్తే జతలన్నీ దొరికాయి. పై వరసలో 70 కింద ఎవరూ లేరు, అక్కడితో ఆగిపోతుంది. "జిప్" అంటారట దీన్ని, మన బ్యాగుకుండే జిప్పే. అయిదుగురికి నాలుగు జతలు. పైథాన్ 3.10లో, అంటే 2021లో, ఈ పనికే "పెయిర్‌వైజ్" అని విడిగా ఒకటి పెట్టారట.

"మూడేసి కావాలంటే?" అన్నాను.

"మూడు వరసలు రాసి రెండుసార్లు జరపాలి. ఎందుకూ?"

"యమాతారాజభానసలగం రాయి."

నవ్వేసింది. టెన్త్‌లో బట్టీ పట్టిందే. గణాలు గుర్తుండటానికి చెప్పే మాట. య గణం ఏమిటో తెలియాలంటే య దగ్గర మొదలుపెట్టి దాని పక్క రెండూ కలుపుకుని చూడాలి. యమాతా, అంటే లఘువు, గురువు, గురువు. మ గణానికి మాతారా, మూడూ గురువులు. అలా ఒక్కో గడీ జరుగుతూ పోతే త, ర, జ, భ, న, స. పది అక్షరాల్లోంచి ఎనిమిది గణాలు. మూడక్షరాలని గురులఘువులతో ఎన్ని రకాలుగా కూర్చవచ్చో లెక్కేస్తే రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. ఎనిమిదీ వచ్చాయి, ఏదీ రెండోసారి రాలేదు, ఏదీ తప్పిపోలేదు. ఎవరు అల్లారో గానీ మహానుభావులు.

చిన్ని ప్రోగ్రాంతో నడిపి చూసింది. ఎనిమిది. మళ్ళీ చూసింది. తర్వాత దాని నోట్‌బుక్కులో లఘువుకి సున్నా, గురువుకి ఒకటి వేసుకుని పది అంకెలు రాసింది. 0111010001. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. నేను గారెల గిన్నె కిందకి దింపేసి వచ్చినా కదల్లేదు.

"అమ్మా, చివరి రెండూ మొదటి రెండూ ఒకటే" అంది.

నిజమే. లగం అంటే లఘువు, గురువు. యమా అంటే లఘువు, గురువు. ఆ చివరి రెండూ తీసేసి మిగిలిన ఎనిమిదింటినీ గొబ్బి ఆటలో ఆడపిల్లల్లా గుండ్రంగా నిలబెడితే, స పక్కన య వచ్చి నిలబడుతుంది. సయమా అంటే లఘువు, లఘువు, గురువు. స గణమే! ఎనిమిది అక్షరాల గుండ్రంలో ఎనిమిది గణాలు. బళ్ళోనూ చెప్పలేదు, డిగ్రీలోనూ మాకెవరూ చెప్పలేదు. ఫోన్లో వెతికి, ఇలాంటి గుండ్రాలకి గణితంలో ఒక పేరుందని చూపించింది. నికొలాస్ డి బ్రూయిన్ అని డచ్చి దేశపు గణిత శాస్త్రజ్ఞుడు 1946లో వీటి మీద వ్యాసం రాశాడట, ఆయన పేరే వాటికి పెట్టారు. మన ఛందస్సు చదివినవాళ్ళు అంతకు ముందే నాలిక మీద తిప్పుకుంటున్నారు.

"అయితే మైనస్ ఒకటి తప్పు కాదన్నమాట" అంది మెల్లిగా.

గుండ్రంగా నిలబడితే మొదటి వాళ్ళకి ఎడమ పక్క చివరి వాళ్ళే ఉంటారు. గొబ్బి ఆటలో చేతులు కలిపేది వాళ్ళతోనే. వారాల్లో ఆదివారానికి ముందు శనివారం ఉన్నట్టు. కుడి వైపు కూడా అలా తిరగాలంటే ఎనిమిదితో భాగించి శేషం తీసుకోవాలట, ఏడో చోటు తర్వాత ఎనిమిది కాకుండా మళ్ళీ సున్నా వస్తుంది. పైథాన్ దాని మానాన అది చివరి వాణ్ణి చూపించింది. చామంతి ధరలు బంతి భోజనం లాంటివి, గొబ్బి ఆట కాదు. వరసా, గుండ్రమా అన్నది దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న దగ్గర కూర్చుని మార్కుల సంగతి అదే చెప్పేసింది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "రెండో మిడ్ ఎప్పుడు?" అని మాత్రం అడిగారు. వెళ్ళేటప్పుడు సున్నుండలూ జంతికలతో పాటు నా డిగ్రీ ఛందస్సు పుస్తకం కూడా బ్యాగులో పెట్టుకుంది. అట్ట ఊడిపోయిన పుస్తకం, దాని మీద నా పెళ్ళి కాకముందు ఇంటిపేరు ఉంటుంది.

మార్కుల సంగతి ఇంకా తెలీదు. బ్రాంచి మారుస్తాననే మాట మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. రాత్రుళ్ళు ఫోను మోగితే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మొన్న పదకొండున్నరకి మోగింది.

"అమ్మా, ఉత్పలమాలకి యతి పదో అక్షరం కదా?"

"అవును. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ మైత్రి కుదరాలి."

"అంటే సున్నాకీ తొమ్మిదికీ. పక్కపక్కన ఉండరు కానీ చుట్టాలు."

"ఆఁ, అంతే. మరి ప్రాస?"

"రెండో అక్షరం. అంటే ఒకటి. నాలుగు పాదాల్లోనూ ఒకటో చోటే చూడాలి" అని, "ఉండమ్మా, రన్ అవుతోంది" అంది. ఫోను పెట్టలేదు. అవతల కీబోర్డు చప్పుడు వింటూ కూర్చున్నాను.